చుక్కల గుంపు తలమగు విధము

రేఖాగణితమున బిందువునకు స్థానము మాత్రమే కలదు; పొడవు గాని, వెడల్పు గాని, మందము గాని లేదు. ఇట్టి బిందువులను కోట్లకొలది ప్రక్కప్రక్కన నిలిపినను వాని నడుమ ఖాళీ మిగిలియే యుండును. ఒక చదరపు సెంటీమీటరు చోటునైనను అవి కప్పజాలవు. ఐనను నేడు కంప్యూటరు తెరపై కన్పించు శిల్పములు, ఆలయములు, కొండలు, నగర వీథులు పెక్కు కేవలము బిందువుల పట్టికల నుండియే పుట్టుచున్నవి. ఖాళీలతో నిండిన చుక్కల గుంపు వెలుగునీడలు గల గట్టి తలముగా ఎట్లు మాఱుచున్నది? ఉన్నత పాఠశాలలో నేర్చు గణితము, భౌతికశాస్త్రము చాలవఱకు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవు.

వార్తాపత్రికలో అచ్చయిన ఛాయాచిత్రమును భూతద్దముతో చూచినచో ముఖము మాయమై సిరాచుక్కలు మాత్రమే కన్పించును. భూతద్దమును తీసివేసినచో చుక్కలు మాయమై ముఖము తిరిగి వచ్చును. చుక్కల నడుమ దూరము కన్ను గుర్తింపగల దూరముకన్న తక్కువైనపుడు కన్ను ఖాళీని చూడదు. కంప్యూటరు చేయవలసిన పనియు ఇంచుమించుగా ఇదియే. కాని పత్రికలోని బొమ్మ కాగితముపై కదలక పడియుండును. శిల్పము అట్లు కాదు. చూచువాడు దాని చుట్టును తిరుగును, దగ్గఱకు వచ్చును, దూరముగా పోవును. ప్రతి కదలికకును చుక్కలు తమ చోటు మార్చుకొనవలెను, ముందున్నవి వెనుకనున్నవానిని కప్పవలెను, వెలుగునీడలు సరిగా పడవలెను. చిక్కంతయు ఇచటనే కలదు.

చుక్కలను సేకరించుట

వస్తువును కొలిచి బిందువులను రాబట్టుటకు లేజరు పరికరములు రెండు విధములుగా పనిచేయును. మొదటి విధమున పరికరము ఒక వెలుగు స్పందమును పంపి, అది గోడను తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. గోడ 15 మీటర్ల దూరమున ఉన్నచో రాకపోకలకు 30 మీటర్లు. అనగా పట్టు కాలము సెకనులో కోటవ వంతు. కొలతలో 3 మిల్లీమీటర్లకన్న ఎక్కువ తప్పు రాగూడదన్నచో, సెకనును లక్ష కోట్ల భాగములుగా చేసి అందు 20 భాగములను గుర్తింపగల గడియారము కావలెను. పెద్ద కట్టడములకు ఈ పద్ధతి అనుకూలము.

రెండవ విధము త్రికోణమితి. లేజరు ఒక చోటనుండి సన్నని వెలుగుగీతను వస్తువుపై వేయును. దానికి కొంత దూరమున నున్న కెమెరా ఆ గీతను చూచును. లేజరుకును కెమెరాకును నడుమ దూరము తెలియును. రెండు కోణములును తెలియును. ఒక భుజము, రెండు కోణములు తెలిసినపుడు త్రిభుజమును సాధించుట పదవ తరగతి విద్యార్థికి కొత్త కాదు. దగ్గఱి వస్తువులను మిక్కిలి సూక్ష్మముగా కొలుచుటకు ఇది మేలైన మార్గము.

ఏ విధమున కొలిచినను చేతికి వచ్చునది సంఖ్యల పట్టికయే: ప్రతి బిందువునకు మూడు నిరూపకములు, కొన్నిచో రంగు కూడ. ఒక్కచోట నిలిచి చూచినచో విగ్రహముయొక్క ఒక ప్రక్క మాత్రమే కన్పించును గనుక, పరికరమును పలుచోట్ల నిలిపి కొలిచి, రెండేసి పట్టికలలోను సమానముగ నున్న భాగములు కలియునట్లు సరిచూచి, అన్నిటిని ఒక్కటిగా కూర్తురు.

ఫ్లారెన్సు నగరమున జరిగిన కొలత

ఈ శాస్త్రమును ముందునకు నెట్టిన పనులలో ఒకటి ఇటలీ దేశమున జరిగినది. 1998-99 విద్యా సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ లెవాయ్ నాయకత్వమున ఒక బృందము మైకెలాంజెలో చెక్కిన విగ్రహములను లేజరు త్రికోణమితితో కొలిచినది. అందు ముఖ్యమైనది ఫ్లారెన్సులోని డేవిడ్ విగ్రహము. శిల్పి ఉలి చాళ్ళు కూడ దక్కవలెనని బిందువుల నడుమ దూరమును సుమారు పావు మిల్లీమీటరుగా నిర్ణయించిరి. ఫలితముగా 200 కోట్ల త్రిభుజములు, 7,000 రంగుల ఛాయాచిత్రములు గల పెద్ద రాశి ఏర్పడినది.

కొలత ఎంత అవసరమో ఆ పనిలోనే వెల్లడియైనది. కళాచరిత్ర గ్రంథములు డేవిడ్ విగ్రహపు ఎత్తును 434 సెంటీమీటర్లని చెప్పుచుండెను. ఈ బృందము కొలువగా, పీఠమును విడిచి, 517 సెంటీమీటర్లని తేలినది. ప్రపంచమున అందఱెఱిగిన విగ్రహము ఎత్తులోనే 83 సెంటీమీటర్ల పొరపాటు ఒక గ్రంథమునుండి మఱియొక గ్రంథమునకు ప్రాకుచు వచ్చినది!

కాని కొలుచుట ముగిసిన పిమ్మట వేఱొక చిక్కు ఎదురైనది. ఇంత పెద్ద రాశిని తెరపై చూపుట ఎట్లు?

త్రిభుజముల మార్గము, దాని హద్దు

కంప్యూటరు చిత్రణలో వాడుక మార్గము ఇది: దగ్గఱి బిందువులను మూడేసి చొప్పున కలిపి త్రిభుజములు చేయుదురు. ముగ్గు వేయువారు ముందు చుక్కలు పెట్టి తరువాత గీతలతో కలుపునట్లే, ఇచట బిందువులు ముందు, వలయల్లిక తరువాత. మూడు బిందువులు ఎల్లప్పుడును ఒకే సమతలమున నుండును గనుక త్రిభుజమున వంకర యుండదు. అందుచేత దానిని నింపుట యంత్రమునకు సులభము. చిత్రణకొఱకు ప్రత్యేకముగా చేసిన గ్రాఫిక్స్ ప్రాసెసర్లు మొదటినుండియు త్రిభుజములను దృష్టిలో నుంచుకొని నిర్మింపబడినవే.

ఐతే ఒక లెక్క చూడదగును. అడ్డముగా 1,280, నిలువుగా 1,024 పిక్సెళ్ళు గల తెరపై మొత్తము 13,10,720 పిక్సెళ్ళుండును. 200 కోట్ల త్రిభుజములను ఆ తెరపై చూపదలచినచో ఒక్కొక్క పిక్సెలునకు సగటున 1,500కు పైగా వచ్చును. సగము వెనుకవైపున దాగిపోయెననుకొన్నను 750 మిగులును. పిక్సెలు చూపగలది ఒక్క రంగు మాత్రమే. ఒక్క రంగుకొఱకు ఇన్ని త్రిభుజముల మూలలను లెక్కించి, అంచులను గుర్తించి, లోపలి భాగమును నింపబోవుట వృథా శ్రమ. త్రిభుజము పిక్సెలుకన్న చిన్నదైనపుడు దానికి లోపలి భాగమే లేదు, అది చుక్కయే.

ఈ సంగతిని 1985లోనే మార్క్ లెవాయ్, టర్నర్ విట్టెడ్ అనువారు ఒక నివేదికలో చెప్పిరి. బిందువునే చిత్రణకు మూలమైన ప్రమాణముగా తీసికొనవచ్చునని వారి వాదము. 2000 సంవత్సరమున, డేవిడ్ వంటి రాశులు చేతికి వచ్చిన పిమ్మట, ఆ వాదమునకు బలము కలిగినది.

బిందువునకు వెడల్పు నిచ్చుట

వెడల్పు లేని బిందువుతో తలమును కప్పజాలమని మొదటనే చెప్పబడినది. కావున ప్రతి బిందువునకు మూడు గుణములు చేర్తురు: ఒక వ్యాసార్థము, ఒక దిశ, ఒక రంగు. అపుడు బిందువు ఒక చిన్న బిళ్ళయగును. ఇట్టి బిళ్ళను తెరపై వేయుటను ఆంగ్లమున స్ప్లాట్ అందురు. గోడకు పిడక కొట్టినపుడు అది అతుకుకొని పఱచుకొను తీరే ఆ మాటకు అర్థము. గోడనిండ పిడకలను అంచుపై అంచు పడునట్లు కొట్టినచో గోడ కన్పింపదు. అట్లే బిళ్ళలు చేప పొలుసులవలె ఒకదానిపై నొకటి కొంచెము పడవలెను.

ఎంత వ్యాసార్థము చాలును? బిందువులు చదరపు గళ్ళ మూలలలో నున్నవనుకొన్నచో, గడి నడిమి చోటు అన్ని బిందువులకును మిక్కిలి దూరమైనది. ఆ దూరము గడి కర్ణములో సగము. గడి భుజము పావు మిల్లీమీటరైనచో కర్ణము 0.354, అందు సగము 0.177 మిల్లీమీటరు. వ్యాసార్థము దీనికన్న తగ్గినచో తలము జల్లెడవలె చిల్లులు పడును. మిక్కిలి పెంచినచో ఉలి చాళ్ళు పూడిపోవును.

దిశ అనగా ఆ చోట తలమునకు నిలువుగా నుండు రేఖ, అనగా అభిలంబము. దీనిని లేజరు కొలువదు. ఇరుగుపొరుగు బిందువులనుండి రాబట్టవలెను. చుట్టునున్న పది యిరువది బిందువులకు వీలైనంత దగ్గఱగా పోవు సమతలమును కనుగొని, దానికి లంబమును గీయుదురు. ఆ లంబము రెండు వైపులకును పోవును. లోపలి వైపేది, వెలుపలి వైపేది? లేజరుకు కన్పించిన తలము లేజరు వైపు తిరిగియుండవలెను గదా! ఆ యుక్తితో వెలుపలి వైపు నిర్ణయమగును.

గ్రాఫిక్స్ ప్రాసెసరు చేయు పని

సాధారణ ప్రాసెసరు ఒక పని తరువాత ఒక పని మిక్కిలి వేగముగా చేయును. గ్రాఫిక్స్ ప్రాసెసరులో వేలకొలది చిన్న గణన భాగములుండి, ఒకే సూత్రమును వేర్వేఱు బిందువులపై ఒక్కసారే నడపును. ఒక బిందువుయొక్క లెక్క ప్రక్క బిందువుయొక్క లెక్కపై ఆధారపడదు గనుక చుక్కల పనికి ఈ యంత్రము చక్కగా సరిపోవును. 2001 ప్రాంతమునుండి ఈ ప్రాసెసర్లపై పరిశోధకులు తమ సొంత సూత్రములను వ్రాసి నడపుకొను వీలు కలిగినది. అప్పటినుండి ఈ రంగము త్వరగా పెరిగినది. పని వరుస ఇట్లుండును.

మొదటిది, స్థానము. సరూప త్రిభుజముల నియమముచేత దూరపు వస్తువు చిన్నదిగా కన్పించును. అడ్డు నిరూపకమును, నిలువు నిరూపకమును దూరముచే భాగించి, తెరకు తగిన స్థిరాంకముచే గుణించినచో తెరపై చోటు తెలియును. బిళ్ళ వ్యాసార్థమునకును ఇదే భాగహారము. స్థిరాంకము 1,000 పిక్సెళ్ళనుకొన్నచో, 0.18 మిల్లీమీటరు బిళ్ళ 100 మిల్లీమీటర్ల దూరమునుండి 1.8 పిక్సెళ్ళ వ్యాసార్థముతో కన్పించును. ఒక మీటరు దూరమునుండి 0.18 పిక్సెలు మాత్రమే.

రెండవది, ఆకారము. యంత్రము సహజముగా వేయు చుక్క చిన్న చతురస్రము. దాని నడిమినుండి ప్రతి పిక్సెలునకు గల అడ్డు, నిలువు దూరముల వర్గములను కూడి, మొత్తము వ్యాసార్థపు వర్గమును మించినచో ఆ పిక్సెలును విడిచివేయుదురు. వృత్త సమీకరణమునకు ఇంతకన్న సూటియైన ఉపయోగము అరుదు.

మూడవది, ముందువెనుకలు. ప్రతి పిక్సెలునకు రంగుతోపాటు దూరమును కూడ వ్రాసియుంచుదురు. కొత్త బిళ్ళ అంతకుముందు వ్రాసిన దూరముకన్న దగ్గఱగా నున్నచో పాతది చెరిపి కొత్తది వ్రాయుదురు. దూరముగా నున్నచో విడిచివేయుదురు. ఈ పద్ధతిని 1974లో ఎడ్విన్ కాట్‌మల్ తన పరిశోధన గ్రంథమున వివరించెను. ఏ బిళ్ళ ముందు వచ్చినను, ఏది వెనుక వచ్చినను ఫలితము మాఱదు.

నాలుగవది, వెలుగు. 1760లో లాంబర్ట్ ప్రకటించిన నియమము ప్రకారము, నునుపు మెఱపు లేని తలముయొక్క ప్రకాశము అభిలంబమునకును వెలుగు దిశకును నడుమ కోణపు కొసైనును బట్టి యుండును. కోణము సున్నయైనచో పూర్తి వెలుగు, 60 డిగ్రీలైనచో సగము, 90 డిగ్రీలైనచో చీకటి. రాతిపై ఉలి చాలును కన్ను పట్టునది ఈ వెలుగు భేదముచేతనే. కావున అభిలంబము తప్పినచో స్థానము సరిగా నున్నను శిల్పము పాడగును.

ఐదవది, అతుకు. బిళ్ళ అంచులు తెరపై పొలుసులవలె కన్పింపకుండుటకు ప్రతి బిళ్ళకు నడుమ ఎక్కువ, అంచున తక్కువ బరువు నిత్తురు. ఒక పిక్సెలుపై రెండు బిళ్ళలు పడినవనుకొనుడు. మొదటిదాని ప్రకాశము 80, బరువు 0.6, రెండవదాని ప్రకాశము 50, బరువు 0.3. గుణించి కూడగా 48, 15 కలిసి 63. దీనిని బరువుల మొత్తమగు 0.9 చే భాగింపగా 70 వచ్చును. ఐతే ఇట్లు కలుపవలసినది ఒకే తలమునకు చెందిన బిళ్ళలను మాత్రమే. ముక్కును వెనుకనున్న చెవితో కలుపరాదు గదా! అందుచేత చిత్రమును రెండు సారులు గీయుదురు. మొదటి సారి దూరములు మాత్రమే వ్రాయుదురు. రెండవ సారి, ఆ దూరమునకు మిక్కిలి దగ్గఱగా నున్న బిళ్ళలను మాత్రమే బరువులతో కూడి, చివర భాగింతురు.

చూపునకు తగినంతయే

ఐదు మీటర్ల దూరమునుండి చూచునపుడు పై లెక్క ప్రకారము ఒక పిక్సెలు శిల్పముపై 5 మిల్లీమీటర్ల చోటును చూపును. ఆ చోట పావు మిల్లీమీటరు దూరమున అడ్డముగా 20, నిలువుగా 20, వెరసి 400 బిందువులుండును. నాలుగు వందలకు మాఱుగా ఒక్కటి చాలును.

2000లో షిమాన్ రుసింకీవిచ్, మార్క్ లెవాయ్ క్యూస్ప్లాట్ అను పద్ధతిని ప్రకటించిరి. ఇందు బిందువులన్నియు గోళముల వంశవృక్షముగా ఏర్పడును. విగ్రహమంతటిని కప్పు ఒక పెద్ద గోళము మూలపురుషుడు. దాని లోపల రెండు మొదలు నాలుగు చిన్న గోళములు. వాని లోపల మఱి చిన్నవి. చివర కొలిచిన బిందువులు. గీయునపుడు పైనుండి దిగుచు, ఏ గోళము తెరపై పిక్సెలంత చిన్నదైనదో అచటనే ఆగి దానిని బిళ్ళగా వేయుదురు. తెర వెలుపలనున్న గోళమును, వెనుకకు తిరిగిన గోళమును దాని సంతతితో సహా విడిచివేయుదురు. చూచువాడు కదలుచున్నపుడు త్వరగా ఆగుదురు. నిలిచినపుడు లోతునకు దిగుదురు.

ఈ పద్ధతితో మైకెలాంజెలో అసంపూర్తిగా విడిచిన మత్తయి విగ్రహమును 12.7 కోట్ల బిందువులతో చూపగలిగిరి. నాలుగేసి చొప్పున చీలు వృక్షమున 14 మెట్లు దిగినచో 26.8 కోట్ల కొమ్మలు ఏర్పడును. కనుక అంత పెద్ద విగ్రహమునకును కొద్ది మెట్లే. ఒక్కొక్క గోళమునకు స్థానము, వ్యాసార్థము, దిశ, రంగు అన్నియు కలిపి 6 బైటులలో ఇమిడ్చిరి. మూడు నిరూపకములను మామూలుగా వ్రాసినచో వానికే 12 బైటులు కావలెను. తండ్రి గోళమును బట్టి పిల్ల గోళపు స్థానమును చెప్పుటచేత ఈ పొదుపు సాధ్యమైనది.

కొలిచినదేది, ఊహించినదేది

ఇంతవఱకు చెప్పినది యంత్రపు నేర్పు. ఇక చూచువాడు మఱువరాని సంగతి యొకటి కలదు. వస్త్రపు మడతల లోపల, చంకలలో, వ్రేళ్ళ సందులలో లేజరు వెలుగు చొరదు. అచట బిందువులుండవు. పాలరాతిలో వెలుగు కొంత లోపలికి చొచ్చి చెదరిపోవుటచేత కొలతలో స్వల్పమైన తడబాటు కూడ కలుగును. బిందువులను కలిపి మూసిన తలముగా చేయు గణిత పద్ధతులు పెక్కు కలవు. 2006లో కజ్డాన్, బోలిథో, హోప్ అనువారు ప్రకటించిన పాయిసాన్ పద్ధతి వానిలో ప్రసిద్ధమైనది. ఇట్టి పద్ధతి కంతలను నునుపుగా పూడ్చి అందమైన ఆకారము నిచ్చును. కాని పూడ్చిన చోట ఎవరును కొలిచినది లేదు; అది ఊహ. తడబాటును తొలగింప నునుపు చేసినచో, మత్తయి విగ్రహముపై నిలిచియున్న ఉలి గుర్తులు కూడ దానితో తుడిచిపెట్టుకొని పోవచ్చును. అసంపూర్ణ శిల్పమున శిల్పి చేతి పనిని తెలుపు సాక్ష్యము ఆ గుర్తులే.

బిళ్ళల పద్ధతియందు ఈ విషయమున ఒక మేలు కలదు. కొలత లేని చోట బిళ్ళ లేదు. కంత కంతగానే కన్పించును. త్రిభుజములతో పూడ్చువారును ఊహించిన భాగమును వేఱు రంగుతో చూపుట మంచి ఆచారము.

ఇది కళాభిమానుల పట్టింపు మాత్రమే కాదు. 2010లో కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ పారిస్ నగరములోని నోత్రదామ్ దేవాలయమును యాబదికి పైగా చోట్లనుండి లేజరుతో కొలిచి 100 కోట్లకు పైగా బిందువులను సేకరించెను. ఆయన 2018లో మరణించెను. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదమున ఆ దేవాలయపు కప్పు, శిఖరము కాలిపోయినవి. అట్టి సమయమున పూర్వపు కొలతలు విలువ కట్టరాని సాక్ష్యములు. రాతిగోడ ఎంత వంగెనో చెప్పవలసినపుడు కొలిచిన బిందువు మాట చెల్లును. పూడ్చిన తలము మాట చెల్లదు. దేవాలయము 2024 డిసెంబరులో తిరిగి తెఱవబడినది.

2023లో ఫ్రాన్సు పరిశోధకులు ప్రధానముగా ప్రకటించిన గాసియన్ స్ప్లాటింగ్ అను పద్ధతి బిళ్ళలకు కొత్త జీవము పోసినది. ఇందు లేజరు అక్కఱలేదు. పలువైపులనుండి తీసిన ఛాయాచిత్రములే ఆధారము. ప్రతి చుక్క అంచులు పలుచనగు అండాకారపు మబ్బువంటిది. దానికి స్థానము, కొలతలు, దిశ, రంగు, పారదర్శకత కలవు. ఛాయాచిత్రములతో పోలిక కుదురువఱకు యంత్రము ఈ విలువలను సవరించుచు పోవును. అడ్డముగా 1,920, నిలువుగా 1,080 పిక్సెళ్ళ తెరపై సెకనుకు 30 చిత్రములకు తక్కువ గాకుండ ఇది గీయగలదు. దృశ్యము చూచుటకు నిజమువలెనే యుండును. కాని ఈ చుక్కలు దృశ్యము కుదురుటకు సర్దబడినవే గాని గోడను తాకి కొలిచినవి కావు. చూచుటకు ఒకటి, కొలుచుటకు మఱియొకటి అను వివేకము ఇచట మఱింత అవసరము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

గళ్ళ కాగితముపై 2 సెంటీమీటర్ల దూరమున అడ్డముగను నిలువుగను చుక్కలు పెట్టింపవలెను. ప్రతి చుక్క కేంద్రముగా ముందు 1 సెంటీమీటరు వ్యాసార్థముతో వృత్తములు గీయించి లోపలి భాగమునకు రంగు వేయించినచో, వృత్తములు ఒకదానినొకటి తాకును గాని నాలుగేసి వృత్తముల నడుమ తెల్లని చోటు మిగులును. ఆ చోటు ఎంత? గడి వైశాల్యము 4. అందు వృత్తభాగము 3.14. మిగిలినది 0.86, అనగా నూటికి 21 పాళ్ళకు పైన. వ్యాసార్థమును 1.42 సెంటీమీటర్లకు పెంచినచో తెలుపు పూర్తిగా మాయమగును. తరువాత కాగితము నడుమ ఒక సన్నని గీతను ఉలి చాలుగా భావించి గీయించి, రంగు వేసిన పిమ్మట అది ఎంతవఱకు కన్పించునో చూడుమనవలెను. చుక్కలను దగ్గఱ చేర్చి వృత్తములను చిన్నవి చేసిననే గీత దక్కును. ఫ్లారెన్సులో పావు మిల్లీమీటరు ఎందుకు కావలసివచ్చెనో విద్యార్థులే అపుడు చెప్పగలరు.